రాజక్క క్లచ్, మొండయ్య గేరు

జన్నారం దాటినంక ఖానాపూర్ తొవ్వల, టేకు చెట్ల నడుమ, తెల్ల అంబాసిడర్ ఒకటి ఆగి ఉన్నది. మర్యాదగ పక్కకు జరిగి ఆగింది కాదు. పెండ్లి పందిట్ల అలిగిన మేనత్త తీరు నడి సడక్ మీద కూసున్నది. ముందుకు రాదు, ఎనుకకు పోదు. లోపల ముందు సీటు మీద మొగడు పెండ్లాం ఇద్దరు, దిగకుంటనే కొట్లాడుతుండ్రు.

"నేను మూడు కొట్టిన," అన్నది స్టీరింగ్ పట్టుకున్న రాజక్క.

"రెండే ఇనవడ్డయి," అన్నడు పక్కనున్న మొండయ్య.

"ఇనవడకపోతే నా తప్పా? చెవులు చూపిచ్చుకో అంటే చూపిచ్చుకోవు. మూడు కొడితే రెండంటవు, రమ్మంటే పొమ్మన్నదంటవు."

"గట్టిగ కొట్టాలె. మా బొగ్గుబాయిల గిట్ల నసుగుడు గంట కొడితే సస్పెండు జేస్తుండె."

"ఇది మీ బాయి కాదయ్యా, బండి! డిక్కీల పిండి పులుస్తుంది. ఖానాపూర్ల పెండ్లోళ్లు పొయ్యి ముట్టిచ్చి కూసున్నరు."

రాజక్కది మంచిర్యాల. పెండ్లిండ్లకు సకినాలు చేసిపెట్టుడు ఆమె పని. పెండ్లిపిల్ల ఎంట అత్తగారింటికి సకినాలు పోకపోతే మన దిక్కు ఆ పెండ్లి అయిందో కాలేదో అని అనుమానపడేటోళ్లు ఇంక ఉన్నరు. పిండి తడుపుడు, గంగాళంల పిసుకుడు, తెల్ల బట్ట మీద చుట్టు ఎనుక చుట్టు తిప్పుడు, నూనెల ఏసుడు. నలుగురు ఆడోళ్ల జట్టును ఈ బండిల ఎక్కిచ్చుకొని లక్షెట్టిపేట నుంచి ఉట్నూరు దాక తిరుగుతది. గీ పొద్దు జట్టు బస్సుల ముందుగాల పోయింది. గంగాళం, జల్లిగంటె, పిండి, మొగడు, గివన్నీ బండిల మిగిలినయి.

గప్పుడే ఖానాపూర్ దిక్కుకెళ్లి ఒక మోపెడ్ వచ్చింది. దాని మీద పొడుగు మనిషి, మెహందీ పెట్టిన ఎర్ర గడ్డం, భుజానికి అడ్డంగ పాత సైలెన్సరు. దయతోని ఆగలే. తొవ్వ లేక ఆగిండు.

"లొల్లి తర్వాత పెట్టుకుండ్రి. బానెట్ తెరువుండ్రి," అన్నడు.

"నువ్వెవలు?" అన్నది రాజక్క.

"నిర్మల్ వాహెద్ మిస్త్రీని. అంబాసిడర్లకు హకీంను. నన్ను ఎరుకలేదంటే తప్పు మీది."

అడగకుంటనే బానెట్ లేపి, లోపల చెయ్యి పెట్టి, స్టీరింగ్ కాడికెళ్లి దిగే రెండు కడ్డీలను ఇనుప ముక్కతోని ఖట్టున కొట్టిండు. "రెండు గేర్లు ఒక్కసారే పడ్డయి. ఒక్క ఇంట్ల ఇద్దరు పెత్తనం జేసినట్టు. ఇగ పోనియ్యి."

రాజక్క బండి చాలు చేసింది. క్లచ్ తొక్కింది. కుడిచేతి ఉంగరంతోని స్టీరింగ్ మీద టిక్కు టిక్కుమని రెండు కొట్టింది. పక్కనున్న మొండయ్య చెయ్యి చాపి, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్‌ను గుంజి పైకి లేపిండు. బండి కదిలింది.

వాహెద్ మోపెడ్‌ను అడ్డం పెట్టిండు. "ఆగు ఆగు! మల్లొక్కసారి చెయ్యుండ్రి."

మల్ల చేసిండ్రు. ఆయన సైలెన్సరు కింద పడేసి సడక్ పక్కన కూసుండి నవ్విండు. కండ్లల నీళ్లు కారేదాక నవ్విండు. "యా అల్లా! నలభై ఏండ్ల నుంచి బండ్లు చూస్తున్న. క్లచ్ ఒకరిది, గేరు ఒకరిది ఎక్కడ చూడలే. రాత్రి నిద్రవట్టకపోతే యాది చేసుకొని నవ్వుకుంట."

నవ్వుకునేటట్టే ఉండె గని, దాని ఎనుక ఒక కథ ఉన్నది. ఏండ్ల సంది పిండి పిసికి పిసికి రాజక్క ఎడమ భుజం బిగుసుకపోయింది. చెయ్యి రొమ్ముకంటె పైకి లేవది. ఆ కాలపు అంబాసిడర్‌కు గేరు స్టీరింగ్ పక్కన ఉంటది. మొదటి గేరుకు తన దిక్కు గుంజి పైకి లేపాలె. దాన్ని అక్కడ పెట్టిన మహానుభావుడు ఎవరో గని, ముందు సీటు మీద ముగ్గురు ఆరాముగ కూసోవాలని పెట్టిండట. మనోళ్లు ఐదుగురిని కూసోబెట్టి, డ్రైవరును సగం కిటికీల వేలాడదీసి, ఆయన ఆలోచనను ఆయన కలల కూడ అనుకోనంత దూరం తీస్కపోయిండ్రు. కాని రాజక్కకు ఆ రాడ్ అందని పండయింది. గప్పుడు మొండయ్య అన్నడు: "నువ్వు గంట కొట్టు. నేను గుంజుత."

ఆయనకు అంతకు మించి తెల్వదు. బతుకంత బొగ్గుబాయిల హాలర్ నడిపిండు. హాలరంటే ఇనుపతాడుతోని బొగ్గు టబ్బులను ఏటవాలుల గుంజే ఇంజను. టబ్బులు ఎక్కడనో చీకట్ల ఉంటయి, ఆయనకు కనవడవు. గంట ఇనవడుతది. ఒకటి కొడితే ఆపాలె, రెండు కొడితే గుంజాలె, మూడు కొడితే వదలాలె. ఎవలు కొట్టిండ్రు, ఎందుకు కొట్టిండ్రు అని అడగద్దు. అడిగేలోపల ఎవలిదన్న కాలు పోతది. గా అలవాటు ఇంటికి కూడ వచ్చింది. పెండ్లయిన కొత్తల ఆయన కంచం మీద రెండు కొడితే అన్నం ఏయాలె, ఒకటి కొడితే చాలనాలె. రాజక్క చానా రోజులు మూగోనికిచ్చి చేసిండ్రనుకున్నది. ఒకసారి రెండు కొడితే అన్నం గంజు మొత్తం తెచ్చి కంచంల బోర్లిచ్చింది. గప్పటి నుంచి మాట్లాడుడు మొదలుపెట్టిండు, జరజర.

రిటైరైనప్పుడు ఈ అంబాసిడర్‌ను కొన్నది ఆయననే. హాలర్ నడిపినోనికి కారు ఎంత అనుకున్నడు. రాడ్ రాడే గద. మొదటిరోజే క్వార్టర్ల ముంగట మున్సిపాలిటీ చెత్తకుండీల పెట్టిండు. తాడు ఎటు గుంజితె అటు పోయే బండి ఎరుకే గని, మలుపు తిప్పే బండి ఆయనకు రాదు. ఏమాట కామాట, గేర్లు మాత్రం వెన్నల కత్తి తీరు ఏసిండట. చెత్తకుండీ కాడికి మూడో గేర్ల పోయిండు. ఆ రోజు స్టీరింగ్ విడిచిపెట్టిండు, మల్ల ముట్టలే. రాజక్క డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకున్నది.

ఇప్పుడు ఆమె ఉంగరం గంట, ఆయన చెయ్యి హాలర్. ఒకటంటే గేరు తియ్యి, రెండంటే పైది, మూడంటే కిందిది, నాలుగంటే రివర్స్. మంచిగనే నడిచింది. కాని మంచిర్యాల చౌరస్తల ఎవడో ఫోన్ల వీడియో తీసిండు. ఊరంత చూసి నవ్వింది. కొడుకు విజయేందర్ నవ్వలే. "అవ్వా, మాఘమాసం లగ్గాలు మొదలయ్యే దాక టైమిస్తున్న," అన్నడు. "ఒక్కదానివి నడుపుతె నడుపు. లేదంటే బండిని ఇనుపసామానుకు ఏస్త. బాపు, నువ్వు గేరు ముట్టద్దు." బండి లేకపోతే గంగాళం లేదు, జట్టు లేదు. మంది ఇండ్లల్ల 'రాజక్క వచ్చింది' అనే మాట లేదు. మాఘం దగ్గరికొచ్చింది.

గివన్నీ సడక్ పక్కన ఇన్న వాహెద్ గడ్డం గోక్కున్నడు. "అక్కా, గేరు పైన ఎందుకుండాలె? కింద పెడదాం. చెయ్యి లేపుడే లేదు. మోకాలు పక్కన ఊరికె వేలాడేస్తె పడుతది."

"నువ్వు చేస్తవా?"

"ఆదిలాబాద్ జిల్లాను కోసి నాలుగు ముక్కలు చేసిండ్రు గని, నాలుగు ముక్కలల్ల కలిపి నా అంత నున్నగ కోసెటోడు లేడు."

ఖానాపూర్ల సకినాల పని ఒడిసిన మరుసటి రోజే నిర్మల్ పోయిండ్రు. వాహెద్ ముందు సీటు పీకి బయటేసిండు. ముందు కాళ్లు పెట్టుకునే జాగల, కింద గేర్‌బాక్స్ మీద మూతలెక్క లేచి ఉండే రేకును కట్టర్‌తోని కోసిండు. రవ్వలు లేసినయి. రాజక్క వంగి చూసింది. "నా బండి కడుపులకెళ్లి నిర్మల్ మట్టి కనవడుతుంది గద, భాయ్."

"ఆపరేషన్ అయితుంటె లోపటికి తొంగిచూడద్దు, అక్కా. పేషెంటుకు సిగ్గయితది."

స్టీరింగ్ కాడి పాత రాడ్‌ను తీసి తుక్కుల పడేసిండు. మొండయ్య పోయి దాన్ని ఏరుకొని, లుంగీ కొసతోని నూనె తుడిచి, కిటికీ గూట్ల పెట్టిండు. రాజక్క చూసింది, చూడనట్టు మొఖం తిప్పుకున్నది.

తుక్కుకు పోయిన ఇంకో బండికెళ్లి తీసిన రాడ్‌ను వాహెద్ తెచ్చిండు. వంచిండు, వెల్డింగ్ పెట్టిండు, గేర్‌బాక్స్‌కు కట్టిండు. సీటు మల్ల బిగిచ్చి, తనే ఎక్కి కూసుండి, నాలుగు గేర్లు ఏసి చూపిచ్చిండు. మస్తుగ పడ్డయి. గర్వంతోని దిగిండు. రాజక్క ఎక్కింది, సీటు ముందుకు జరుపుకున్నది. మొదటిది పడ్డది. రెండోది ఎనుకకు గుంజితె రాడ్ వచ్చి సీటుకు తన్నింది. ఆడనే ఆగింది.

"ఇదేంది?"

"గేరు బరాబరే ఉన్నది," అన్నడు వాహెద్. "మీరే పొట్టిగున్నరు."

"నీ చేతులు కొంగ మెడలెక్క ఉన్నయి. నీ కొలతకు పెట్టి నా మీద పడతవా? బండి నీదా నాదా?"

"కొంగ గింగ అనకు అక్కా, మా ఇంటామె ఇంటే అదే పేరు పెడుతది."

రాడ్‌ను మల్ల ఊడదీసి, కాల్చి, ముందుకు వంచిండు. తప్పు తనది కాదని వంచినంతసేపు చెప్పుకుంటనే ఉన్నడు.

ఇగ డబ్బా మిగిలింది. కోసిన రంధ్రం మీద, రాడ్ చుట్టు, ఒక పెట్టె కావాలె. షోరూములోళ్లు దానికి కన్సోల్ అని పేరు పెట్టిండ్రు. వాహెద్ డబ్బా అంటడు. నిర్మల్ బొమ్మలు చేసే అంబదాస్ దాన్ని టేకుతోని చేసుకొచ్చిండు. చాయ్ గిలాస కోసం ఒక గుంట, ఫోన్ కోసం ఒక అర, అంచుకు బంగారు రంగు తీగ, రెండు దిక్కుల జింకలు. గేరు రాడ్ కొసకు సీతాఫలం. చూస్తె తినబుద్ధయ్యేటట్టు.

"ఫలం పట్టుకొని బండి నడపాల్నా?" అన్నది రాజక్క.

"మా తాత చేసిన సీతాఫలాన్ని కోతులు ఎత్కపోయినయి, అక్కా. అసల్ మాల్," అన్నడు అంబదాస్.

"చేతుల పట్టుకుంటె పల్లేరుకాయ తీరు గుచ్చుతుంది. నున్నటిది చెయ్యి తమ్మీ. నేను కోతిని కాను."

అంబదాస్ ముఖం చిన్నబోయింది గని, పోయి జామకాయ చేసుకొచ్చిండు. అది చేతిల కుదిరింది.

ఈ మధ్యల మొండయ్య ఏం చేసిండో రాజక్కకు తెల్వదు. వాహెద్ నమాజుకు పోయినప్పుడు, ఆమె చాయ్‌కు పోయినప్పుడు, ఆయన బండెక్కి ఎడమ దిక్కు కూసుండి కొత్త గేర్లు నేర్చుకున్నడు. జామకాయ పట్టుకొని ముందుకు, ఎనుకకు, అదిమి రివర్స్. కింద గేరంటే తన చేతికి ఇంక దగ్గర గద. మధ్యల ఉన్నది. సగం ఆమెది, సగం తనది. అట్లనుకున్నడు కావచ్చు. అనుకున్నది మాత్రం ఎవ్వలికి చెప్పలే.

చివరి రోజు ముగ్గురు బండి కాడ చేరిండ్రు. రాజక్క స్టీరింగ్ ముందు, ఇంజను చాలు చేసి క్లచ్ తొక్కి ఉన్నది. మొండయ్య ఎడమ దిక్కు కూసున్నడు. వాహెద్ కిటికీలకెళ్లి సగం లోపటికి దూరి డబ్బా గొప్పలు చెప్తుండు. "ఇది మామూలు కట్టె కాదు. అసలైన టేకు. ఏనుగు కూసున్నా పలగది. చప్పుడు ఇనుండ్రి." పిడికిలితోని డబ్బా మీద కొట్టిండు. ఠక్, ఠక్, ఠక్, ఠక్.

నాలుగు.

మొండయ్య చెయ్యి జామకాయను అదిమి రివర్సుల పెట్టింది. అదే గడియల రాజక్క కాలు క్లచ్ విడిచింది. ఇద్దరిల ఒక్కరు కూడ అనుకొని చెయ్యలే. బండి ఎగిరి ఎనుకకు పోయింది. వాహెద్‌ను కిటికీ విడిచిపెట్టలే. బండి ఎంట ఎనుకకు నడిచిండు, ఆయన కాళ్లు జీవితంల ఎన్నడు అంత జోరుగ నడవలే. మోపెడ్ కింద పడ్డది, పాత టైర్ల గుట్ట కూలింది, అంబాసిడర్ ఆ గుట్టల వాలి ఆగింది.

"మీరిద్దరు మనుషులా, మిషన్లా?" అని అరిచిండు వాహెద్, తలకాయ బయటికి గుంజుకుంట.

రాజక్కకు మొదలు నవ్వొచ్చింది. కడుపు పట్టుకొని నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. తన కాలు తన మాట ఇనలే. కట్టె మీద ఎవడన్న నాలుగు కొడితె, ఎవడన్న సరే, విడిచింది. ఇది మంచిర్యాల చౌరస్తల అయ్యుంటె? బడి పిల్లలు ఉండంగ అయ్యుంటె? విజయేందర్ అన్నది వీడియో సిగ్గుకే అనుకున్నది ఇన్నొద్దులు.

"నువ్వు ఎనుక కూసో," అన్నది.

"ఎందుకు?" అన్నడు మొండయ్య.

"ముందు కూసుంటె నీ చెయ్యి ఊకోదు. నీ చెయ్యి ఊకోకపోతె నా కాలు ఊకోదు. ఎనుక కూసో అంటున్న."

ఆయన దిగిండు. ఎనుక తలుపు తెరిచి, సకినాల జట్టు కూసునే సీటు మీద, సుట్టం తీరు అంచుకు కూసున్నడు. వాహెద్ ముందు సీట్ల ఎక్కిండు. "ఘాట్ ఎక్కిద్దాం," అన్నడు. "మహబూబ్ ఘాట్ ఎక్కి పైన ఆగితె ఇగ మీకు లైసెన్సు ఇచ్చినట్టే. ఇచ్చెటోన్ని నేనే."

ఘాట్ కింద వరకు మంచిగనే వచ్చింది. మలుపులు మొదలయినయి. ముందు పత్తి లారీ ఒకటి, దానికి ఆయాసం. రాజక్కకు కింది గేరు కావాలె. క్లచ్ తొక్కింది. కుడిచేతి ఉంగరం దానంతట అదే లేచింది, స్టీరింగ్ మీద కొట్టెటందుకు. ఆమె ఏలు ముడిచింది. పండ్లు కొరికింది. ఎడమ చెయ్యి, ఎన్నొద్దుల సంది పనికిరానిదని ఒళ్లె పెట్టుకున్న చెయ్యి, కిందికి జారి జామకాయను పట్టుకున్నది. గుంజింది. పడ్డది. లారీ పక్కనుంచి అంబాసిడర్ బుస్సుమనుకుంట లేచింది.

"వాహ్! శభాష్ అక్కా!" అన్నడు వాహెద్. "నా పనితనం చూసినవా?"

రాజక్క ఇనలే. ఇంకో మలుపు, ఇంకో గేరు. భుజం నొయ్యలే. తొవ్వంత తన కాళ్ల కింద, తన చేతి కింద, ఎవ్వల చెవులతోని పనిలేకుంట పోతుంది. ఆమెకు ఒర్రాలనిపిచ్చింది. పాట తెల్వక బూతొకటి తిట్టింది, ఆనందానికి.

అప్పుడు అద్దంల చూసింది.

ఎనుక సీటు మీద మొండయ్య కిటికీలకెళ్లి అడివిని చూస్తుండు. ఆయన చెయ్యి మోకాలి మీద ఉన్నది. ఆమె గేరు మార్చినప్పుడల్లా ఆ చెయ్యి కదులుతుంది. ముందుకు. ఎనుకకు. ఒక్కొక్కసారి ఆమెకంటె కొంచెం ముందుగాలనే. ఆయనకు ఎరుకైతుందో లేదో. మొఖంల మాత్రం ఏం లేదు, గంట కోసం చూసేటోని మొఖం తీరు నిమ్మలంగ ఉన్నది.

రాజక్క అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పింది. మల్ల గేరు మార్చింది, ఎందుకంటె మలుపు వచ్చింది.

ఘాట్ మీద, చాయ్ బండి కాడ ఆపింది. హ్యాండ్‌బ్రేక్ గుంజింది. ఇంజను బంద్ చేసింది. కోతులు బానెట్ మీదికి ఎక్కినయి. వాహెద్ దిగి వాటికి తన గొప్పలు చెప్పుడు మొదలుపెట్టిండు.

"చూసినవా?" అన్నది రాజక్క ఎనుకకు తిరగకుంట. గట్టిగనే అన్నది. గెలిచినట్టు అందామనుకున్నది, అట్ల రాలే.

"చూసిన," అన్నడు మొండయ్య. "రెండో మలుపు కాడ జర తొందరపడ్డవు. ఇంజను మొత్తుకున్నది. ఇంకో రెండు గజాలు ఆగాలె."

"ఆగుత."

"మిగతాది మంచిగున్నది."

"కొడుకుకు ఫోన్ చేసి చెప్పాల్నా?"

"చెప్పు. నడుపుతుందని చెప్పు. ఒక్కతే నడుపుతుందని."

తలుపు తీసుకొని దిగిండు. తలుపును మెల్లగ ఏసిండు, చప్పుడు కాకుంట. చాయ్‌కు దిగిండనుకున్నది రాజక్క. చాయ్ బండాయన గిలాస చాపిండు గూడ. మొండయ్య తీసుకోలే. లుంగీ ఎగ్గట్టుకొని, సడక్ పక్కన మట్టి మీదికెక్కి, ఆదిలాబాద్ దిక్కు నడిచిండు.

"అరె, ఎటు పోతుండు మొండన్న?" అన్నడు వాహెద్.

రాజక్క నోరు తెరిచింది. పిలుద్దామనుకున్నది. పిలిస్తె వస్తడు. వచ్చి ఎక్కడ కూసుంటడు?

"ఏమో," అన్నది. "పోనియ్యి."

పత్తి లారీ మూలుక్కుంట పైకెక్కి వాళ్ల ముంగటికెళ్లి పోయింది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి మొండయ్య చానా దూరం పోయిండు. ఎనుకకు తిరగలే. రెండు చేతులు ఎనుకకు కట్టుకొని, ఎవ్వలు ఏం చెప్పకున్నా తనంతట తనే మలుపు తిరిగిండు.